చెదిరిన రాతలకు ఒక కూడలి

ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా సాగే అడవి అంచున తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా రాష్ట్రాలు ఒకదానికొకటి చేరువవుతాయి. పోలవరం ప్రాజెక్టు నిమిత్తం 2014లో నాటి ఖమ్మం జిల్లా నుంచి చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, వాటితోపాటు బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలు, భద్రాచలం మండలంలో పట్టణం మినహా గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. పట్టణం తెలంగాణలో ఉండిపోగా దానిని ఆనుకున్న పల్లెలు పొరుగు రాష్ట్రానివయ్యాయి. పత్రికల జిల్లా సంచికలు పరిపాలనా సరిహద్దులను అనుసరిస్తాయి కాబట్టి, ఒకే గోదావరి వరదను గురించి, ఒకే అడవిని గురించి గీతకు ఇటువారు రాసింది అటువారి కంట పడడం అరుదు. ఇలా చెదిరిన రాతలను ఒకచోట చూపగల సాధనం వెబ్‌లో ఎప్పటి నుంచో ఉంది. తెలుగు బ్లాగర్లు దానిని సంకలిని అంటారు.

వేర్వేరు రచయితలు తమ తమ బ్లాగుల్లో ప్రచురించే కొత్త టపాల శీర్షికలను, చిన్న చిన్న సారాంశాలను తేదీల వరుసలో ఒకే పేజీలో చూపి, చదవదలచినవారిని నేరుగా ఆ రచయిత పేజీకే పంపే వెబ్‌సైటు సంకలిని. అది రచనను తన సొత్తు చేసుకోదు, దారి మాత్రమే చూపుతుంది. తెలుగులో దీనికి మంచి చరిత్ర ఉంది. యూనికోడ్ వ్యాప్తితో కంప్యూటర్లలో తెలుగు రాయడం సులువవుతున్న కాలంలో, రోమన్ అక్షరాల్లో టైపు చేసినదాన్ని తెలుగు లిపిలోకి మార్చే లేఖినిని, తెలుగు బ్లాగులను ఒకచోట చేర్చే కూడలిని వీవెన్ రూపొందించారు. జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు కూడా ఇదే పని చేశాయి. ఒకరినొకరు ఎరుగని రచయితలు, పాఠకులు ఒక సముదాయంగా ఏర్పడడానికి ఇవి తోడ్పడ్డాయి.

సంకలినికి ఆధారం ఫీడు. ప్రతి బ్లాగూ మనుషులు చదివే పేజీతోపాటు, యంత్రాలు చదవడానికి వీలుగా శీర్షిక, లంకె, ప్రచురణ సమయం, సారాంశం, ప్రతి టపాకూ ప్రత్యేకమైన గుర్తింపు ఉన్న ఒక జాబితాను వెలువరిస్తుంది. ఈ జాబితాకు 1999లో నెట్‌స్కేప్ సంస్థ నుంచి వచ్చిన ఆర్‌ఎస్‌ఎస్ ఒక రూపం కాగా, 2005లో ప్రమాణంగా వెలువడిన ఆటమ్ మరొక రూపం.

ఫీడులను సేకరించి చూపే వెబ్‌సైటును మొదటి నుంచి చివరి దాకా చేత్తో రాయనక్కర లేకుండా, అన్ని వెబ్‌సైటులకూ ఉమ్మడిగా అవసరమయ్యే భాగాలను ముందే సిద్ధం చేసి ఇచ్చేదే ఫ్రేమ్‌వర్క్. పైథాన్ భాషలోని జాంగో అటువంటిది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే స్థానిక పత్రిక వెబ్ విభాగంలో 2003లో ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ దీనికి రూపమిచ్చారు. 2005 జులైలో ఇది అందరికీ ఉచితంగా, మూలసంకేతంతో సహా అందుబాటులోకి వచ్చింది. స్థానిక వార్తల అవసరాల నుంచి పుట్టిన ఈ పనిముట్టు స్థానిక రచనల సంకలినికి చక్కగా సరిపోతుంది. జాంగో అధికారిక వెబ్‌సైటులోనే అటువంటి సంకలిని ఒకటి ఉండడం, దాని మూలసంకేతం కూడా బహిరంగంగా లభించడం నేర్చుకునేవారికి కలిసివచ్చే విషయం.

నిర్మాణంలో తొలి మెట్టు మోడల్, అంటే సమాచారాన్ని ఏ పట్టికల్లో దాచాలో చెప్పే నిర్వచనం. ఈ పనికి ప్రధానంగా రెండు పట్టికలు చాలు: బ్లాగు పేరు, ఫీడు చిరునామా, ఆమోద స్థితి ఒకదానిలో ఉంటాయి, ఒక్కొక్క టపా శీర్షిక, లంకె, సమయం, సారాంశం, అది ఏ బ్లాగుకు చెందిందన్న సూచన రెండోదానిలో ఉంటాయి. పట్టికల నుంచి కావలసినవి ఎంచి తెచ్చే భాగాన్ని వ్యూ అని, వాటిని పేజీగా అమర్చే నమూనాను టెంప్లేటు అని అంటారు. కొత్త బ్లాగులను పరిశీలించి ఆమోదించడానికి కావలసిన నిర్వాహక పుటలను జాంగో తనంతట తానే సమకూరుస్తుంది కనుక, ప్రోగ్రామింగ్ తెలియని ఉపాధ్యాయుడైనా, గ్రంథపాలకురాలైనా ఆ బాధ్యతను చేపట్టవచ్చు.

సేకరణ పని నిర్ణీత వ్యవధుల్లో దానంతటదే నడవాలి. పాఠకుడు పేజీ తెరిచినప్పుడల్లా అన్ని బ్లాగులనూ సంప్రదిస్తే పేజీ నత్తనడక నడుస్తుంది. ఫీడులో మార్పు లేకపోతే బ్లాగు సర్వరు 304 అనే సంకేతంతో ఆ మాట తెలియజేయగలదు, అప్పుడు ఫీడును మళ్లీ దించుకోవలసిన పని ఉండదు. రచయిత పాత టపాను సవరించినప్పుడు అది కొత్తదిగా రెండోసారి కనబడకుండా ఉండాలంటే శీర్షికను బట్టి కాక, ప్రత్యేక గుర్తింపును బట్టి పోల్చాలి. బయటి నుంచి వచ్చే పాఠంలో హానికరమైన స్క్రిప్టులు దాగి ఉండవచ్చు కనుక, జాంగో టెంప్లేటు సహజంగా కల్పించే రక్షణను తొలగించకూడదు.

తెలుగు రచనలకు మరికొంత జాగ్రత్త అవసరం. శీర్షిక నుంచి వెబ్ చిరునామాను తయారుచేసే స్లగిఫై అనే సాధనం మామూలుగా తెలుగు అక్షరాలను తీసివేస్తుంది. యూనికోడ్‌ను అనుమతించే వెసులుబాటు 2015 నాటి 1.9 కూర్పుతో వచ్చినా, పైథాన్ లెక్కలో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న అక్షరాలు కావు కాబట్టి ‘భద్రాచలం’ కాస్తా ‘భదరచల’గా మిగులుతుంది. అందువల్ల చిరునామాలకు సంఖ్యలను వాడడం మేలు. సారాంశాన్ని కూడా అక్షరాల లెక్కన కత్తిరిస్తే ఒత్తులు తెగిపోతాయి; పదాల లెక్కన కుదించాలి.

భద్రాచలం సరిహద్దులో ఈ జాగ్రత్త తెలుగుతో ఆగదు. ద్రావిడ కుటుంబానికి చెంది, గోండికి దగ్గరైన కోయ భాషను తెలుగు నేలపై తెలుగు లిపిలో, ఛత్తీస్‌గఢ్‌లో దేవనాగరిలో, ఒడిశాలో ఒడియా లిపిలో రాస్తారు. ప్రతి టపాకూ భాషను, లిపిని వేర్వేరు అంశాలుగా నమోదు చేస్తే, లిపి ఏదైనా కోయ రచనలన్నిటినీ ఒక పుటలో చూపవచ్చు. లిపిని బట్టే భాషను నిర్ణయిస్తే మాత్రం తెలుగు లిపిలోని కోయ రచనలన్నీ తెలుగుగా లెక్కకెక్కి, ఆ భాష సంకలినిలో కనుమరుగవుతుంది. పట్టికలో రెండు నిలువు వరుసల తేడాగా కనిపించే ఈ నిర్ణయం నిజానికి ఒక జాతి భాషకు ఇచ్చే గౌరవం. అడవి లోపలి ఊళ్ల బలహీనమైన సిగ్నల్‌ను దృష్టిలో పెట్టుకుని పేజీని బొమ్మల బరువు లేకుండా ఉంచడం కూడా అటువంటి గౌరవమే.

ఇన్ని చెప్పుకున్నా, సంకలిని నిర్మాణం నేటి సాధనాలతో కష్టమైన పని కాదు. దానిని నిలబెట్టడమే కష్టం. ఫీడులను ఒకచోట చదివించే, లక్షలాది పాఠకులున్న గూగుల్ రీడర్ సేవ సైతం 2013 జులై 1న మూతపడింది. రచయిత అనుమతి తీసుకోవడం, సారాంశానికి మించి ప్రచురించకపోవడం, వద్దన్నవారి బ్లాగును వెంటనే తొలగించడం, బ్లాగుల జాబితాను ఓపీఎంఎల్ అనే ఉమ్మడి రూపంలో అందరికీ ఇవ్వడం నియమాలుగా పెట్టుకుంటే, ఒకరు మానేసిన పనిని మరొకరు అందుకోవచ్చు. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం కళాశాలల కంప్యూటర్ విద్యార్థులు పరీక్ష కోసం చేసి మరచిపోయే ప్రాజెక్టులకు బదులు ఇటువంటి సంకలినిని చేపట్టి, ఏటా తమ తరువాతి తరగతికి అప్పగించాలి. రాసేవారు సరిహద్దుకు అన్ని వైపులా ఉన్నారు. వారి రాతలను కలిపే పనికి పూనుకోవలసినవారు ఈ విద్యార్థులే.