యాత్రికుని వట్టము: పరదేశమున నగదు తీసికొనువారికి కొన్ని సూచనలు

తీర్థయాత్రకు సంకల్పించినవారు ముహూర్తము చూచుకొందురు, వస్త్రములు, ఔషధములు, పూజాద్రవ్యములు సర్దుకొందురు. చేతిలోని ధనము సరిహద్దు దాటిన పిమ్మట ఏ రూపమున, ఎంత తరుగుతో తిరిగి చేతికి వచ్చునో ఆలోచించువారు మాత్రము తక్కువ. కార్డు ఉన్నది కదా, ఎక్కడనైనను తీసికొనవచ్చునను ధైర్యముతో బయలుదేరుదురు. ఆ ధైర్యమునకు చెల్లించు మూల్యమెంత, దానిని తగ్గించుకొను మార్గమేది అనునదియే ఈ వ్యాసవిషయము.

కొన్ని సంవత్సరముల క్రిందట కరీంనగర్, జగిత్యాల ప్రాంతములనుండి కొందరము కలిసి నేపాల్‌లోని పశుపతినాథ, ముక్తినాథ క్షేత్రములకు వెళ్లితిమి. మాతో వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయుడొకరు దొంగల భయముచే నగదు ఎక్కువగా తెచ్చుకొనక, అవసరమైనపుడెల్ల ఏటీఎంలో కొద్దికొద్దిగా తీసికొనిరి. ఇంటికి చేరిన పదిదినములకు ఆయన బ్యాంకు పుస్తకము పట్టుకొని వచ్చి, "పంతులుగారూ, దేవుని దగ్గర పెట్టిన దక్షిణకంటె మిషన్ గుంజుకున్నదే ఎక్కువైంది" అనిరి.

అదే యాత్రలో మరియొక వృద్ధమాతకు ఇంకను కష్టమైనది. గండకీతీరమున భర్త పేర తర్పణము చేయించి, తన సొమ్ముతో దక్షిణ ఇవ్వవలెనని ఆమె కోరిక. పొఖరాలో ఆమె కార్డు ఏ యంత్రమునను పనిచేయలేదు. మేమందరము ఇచ్చెదమన్నను ఆమె మనస్సు ఒప్పలేదు. పరుల ద్రవ్యముతో చేసిన కర్మఫలము పరులకే చెందునని మన పెద్దల విశ్వాసము. తుదకు అప్పుగా వ్రాసికొన్న పిమ్మటనే ఆమె సొమ్ము తీసికొని తర్పణము చేయించినది. ఊరు చేరిన మరునాడే ఆ అప్పు తీర్చినది. ఆమె ఖాతాలో ధనమునకు లోటు లేదు. విదేశమున వాడుకొను అనుమతి ఆ కార్డుకు లేదని చెప్పినవారు మాత్రము ఒక్కరును లేకపోయిరి.

వట్టము కొత్తది కాదు

ఒక నాణెమును మరియొక నాణెముగా మార్చునపుడు కోసికొను తరుగును మన పూర్వులు వట్టమనిరి. ఉత్తర తెలంగాణమునకు ఈ మాట బాగుగా పరిచితము. నిజాము రాజ్యమున హాలీ సిక్కా చెలామణిలో ఉండగా, పొరుగున ఉన్న బ్రిటిషు మండలములలో కల్దారు రూపాయి చెల్లెడిది. కాళేశ్వరమున సంగమస్నానము చేసి, నది దాటి సిరోంచకు పోయినవారికే నాణెము మారిపోయెడిది. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు అనునది నాటి మారకపు లెక్క. హైదరాబాదు రాష్ట్రమునకు 1950లో భారత రూపాయి వచ్చినది. 1959 నాటికి హాలీ సిక్కా చెలామణి పూర్తిగా ముగిసినది.

దూరదేశ యాత్రికులు నాణెములను మూటగట్టుకొని పోవుటకు వెరచి, సాహుకారు వద్ద సొమ్ము కట్టి హుండీ వ్రాయించుకొనెడివారు. ఆ పత్రమును గమ్యస్థానమున ఉన్న వర్తకునకు చూపి ధనము పొందెడివారు. హుండీకిని రుసుము ఉండెడిది. అయినను నాటివారు మూడు విషయములు మరువలేదు: న్యాయమైన మారకపు ధర ముందే తెలిసికొనుట, మార్పులను తక్కువసార్లు చేయుట, ఏ దేశమున ఉన్నారో ఆ దేశపు నాణెముననే లెక్క చూచుకొనుట. నేటి ఏటీఎం ముందు నిలిచినవారికిని ఈ మూడే రక్ష.

యంత్రము తీసికొను నాలుగు భాగములు

విదేశమున కార్డుతో నగదు తీసినపుడు మన ఖాతానుండి పోవు అదనపు సొమ్ము సాధారణముగా నాలుగు విధములు. మొదటిది, కార్డు ఇచ్చిన మన బ్యాంకు ప్రతి ఉపసంహరణకు విధించు స్థిరరుసుము. రెండవది, నాణెము మార్చినందుకు మొత్తముపై శాతముగా వేయు మారకపు రుసుము. మూడవది, ఆ యంత్రము ఎవరిదో ఆ విదేశీ బ్యాంకు కోసికొను రుసుము. నాలుగవది, మన బ్యాంకు రుసుములపై పడు 18 శాతము జీఎస్టీ. ఈ రుసుములు బ్యాంకునుబట్టియు, కార్డునుబట్టియు మారును.

లెక్క తెలియుటకై ఒక ఉదాహరణము ఊహింతము. స్థిరరుసుము 150 రూపాయలు, మారకపు రుసుము 3 శాతము, స్థానిక బ్యాంకు రుసుము మన రూపాయలలో 250 అనుకొందము. ఒక యాత్రికుడు 5,000 నేపాలీ రూపాయలు, అనగా మన 3,125 రూపాయలు తీసెను. జీఎస్టీతో కలిపి స్థిరరుసుము 177, మారకపు రుసుము సుమారు 111, స్థానిక రుసుము 250, వెరసి దాదాపు 538 రూపాయలు తరుగు. ఇట్లు నాలుగుసార్లు తీసినచో సుమారు 2,150 రూపాయలు పోవును. అదే 20,000 నేపాలీ రూపాయలను ఒక్కసారిగా తీసినచో పోవునది సుమారు 870 రూపాయలే. చేతికి వచ్చిన ధనము రెండు విధములను సమానమే. మిగిలిన 1,280 రూపాయలు మాత్రము యాత్రికునివి.

కావున కొద్దికొద్దిగా తీసికొనుటయే క్షేమమను భావము ఈ విషయమున నష్టహేతువు. యంత్రము ఒక్కసారికి ఎంత ఇచ్చునో, మన బ్యాంకు దినమునకు ఎంత అనుమతించునో తెలిసికొని, యాత్రకు కావలసినదంతయు ఒకటి రెండు సార్లలోనే తీసికొనవలెను. తీసిన సొమ్మును దంపతులు ఇద్దరును పంచుకొని, వేర్వేరు సంచులలో దాచుకొన్నచో దొంగభయమును తగ్గును.

నేపాల్ యాత్రికులకు

నేపాలీ రూపాయికి మన రూపాయితో స్థిరమైన మారకపు ధర కలదు. మన 100 రూపాయలకు అక్కడివి 160. ఈ ధర 1993 నుండి మారలేదు. అందుచే ఎవరైనను 160కి తక్కువ ఇచ్చినచో ఆ తక్కువ యెంతో అంతయు వట్టమేయని వెంటనే గ్రహింపవచ్చును. ఇంత సులభమైన తూకపురాయి చాలా విదేశయాత్రలలో లభింపదు.

మన 100 రూపాయల నోట్లను, అంతకు తక్కువ విలువగల నోట్లను నేపాల్‌కు తీసికొనిపోవుటకు మన దేశపు నియమములు అనుమతించుచున్నవి. అక్కడి దుకాణదారులును వానిని సాధారణముగా స్వీకరింతురు. 100 రూపాయలకు మించిన భారతీయ నోట్లను 2018 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వము నిషేధించినది. పెద్ద నోట్ల విషయమున ఇరుదేశముల నియమములును పలుమార్లు మారినవి కావున, బయలుదేరునపుడు బ్యాంకులో అడిగి తెలిసికొనుట మంచిది. 100 రూపాయల నోట్ల కట్టలు వెంట ఉంచుకొన్నవారికి ఈ చిక్కు లేదు. యాత్రకు పక్షము దినములు ముందుగా మన ఊరి బ్యాంకులో కోరినచో అవి సమకూరును. వానికి ఏ రుసుమును లేదు.

ఇతర దేశములకు పోవువారు కొనుకొను ఫారెక్స్ కార్డు నేపాల్, భూటాన్ యాత్రలకు పనికిరాదు. ఆ రెండు దేశముల ప్రయాణమునకు విదేశీ మారకద్రవ్యము ఇచ్చుటను మన నియమములు నిషేధించుచున్నవి. రూపే కార్డు నేపాల్‌లో 2022 ఏప్రిల్ నుండి చెల్లుచున్నది. 2024 మార్చి నుండి అక్కడి ఫోన్‌పే సంస్థ క్యూఆర్ గుర్తులున్న దుకాణములలో మన యూపీఐ ద్వారా చెల్లింపవచ్చును. ఇది పేరున పోలిన నేపాలీ సంస్థ, మన ఫోన్‌పే కాదు. దీనికై ఫోనులోని యాప్‌లో అంతర్జాతీయ యూపీఐని ముందే ప్రారంభించుకొనవలెను. చెల్లించుటకు ముందు తెరపై కనిపించు మొత్తమును చదువుకొనవలెను.

అయినను ముక్తినాథము సముద్రమట్టమునకు 3,700 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. అక్కడ 108 ధారలలో స్నానము చేసి వచ్చి వణకుచున్నవానికి గుర్రపువానికో, వేడి టీ ఇచ్చువానికో ఇయ్యవలసినది నగదే. కాఠ్మండు, పొఖరాలలో ఏటీఎంలు విరివిగా ఉండును, పైకి పోవుకొలది తగ్గును. పొఖరా విడువకముందే పై యాత్రకు కావలసినది చేత ఉంచుకొనవలెను. మిగిలిన నేపాలీ సొమ్మును తిరిగి మార్చినచో రెండవ వట్టము పడును. కావున చివరి దినములలో బసకును భోజనమునకును ఆ సొమ్మునే వాడుకొనుట మేలు.

ఇతర దేశములకు పోవువారికి

మన జిల్లాలలో గల్ఫునందో, అమెరికాయందో సంతానము లేని వీథి అరుదు. బిడ్డ పురుటికో, మనుమని అక్షరాభ్యాసమునకో పెద్దలు అక్కడికి పోవుచున్నారు. వారికిని ఇవే సూత్రములు. అదనముగా చెప్పవలసినవి ఇవి.

ఒకటి. రిజర్వు బ్యాంకు ఆదేశము ప్రకారము, 2020 అక్టోబరు 1 నుండి కొత్తగా ఇచ్చు కార్డులు స్వదేశమున మాత్రమే పనిచేయును. విదేశ వినియోగమును ఖాతాదారుడు కోరి తెరిపించుకొనవలెను. బ్యాంకు యాప్‌లోగాని, శాఖలోగాని ఈ పని అగును. యాత్ర ముగిసిన పిమ్మట దానిని తిరిగి మూయించుకొనుట క్షేమము. పైన చెప్పిన వృద్ధమాతకు ఈ ఒక్క మాట తెలిసియుండిన చాలెడిది.

రెండు. కొన్ని యంత్రములు సొమ్ము ఇచ్చుటకు ముందు, లెక్కను భారత రూపాయలలో చూపవలెనా, స్థానిక నాణెమున చూపవలెనా అని ప్రశ్నించును. తెలిసిన రూపాయయే మేలని మనస్సుకు తోచును. కాని రూపాయలను కోరినచో, ఆ యంత్రపు యజమాని తన యిష్టమైన ధరకు మార్చును. అది సాధారణముగా మనకు నష్టము. ఎల్లప్పుడును స్థానిక నాణెమునే ఎంచుకొనవలెను. మార్పును నిరాకరించు మీటను నొక్కినచో సొమ్ము రాదని భయపడనక్కరలేదు. నిరాకరించునది ఆ మార్పును మాత్రమే, నగదును కాదు. దుకాణములలో కార్డు గీయునపుడును ఇదే నియమము.

మూడు. క్రెడిట్ కార్డుతో నగదు తీయరాదు. వస్తువుల కొనుగోలునకు ఉండు వడ్డీలేని గడువు నగదునకు లేదు. తీసిన దినమునుండియే వడ్డీ ఆరంభమగును, రుసుము వేరుగా పడును. ప్రాణాపాయమువంటి అవసరమునకు తప్ప దానిని తలపరాదు.

నాలుగు. ఫారెక్స్ కార్డును ఏ దేశమునకు పోవుచున్నారో ఆ దేశపు నాణెముననే నింపించుకొనవలెను. డాలర్లు నింపిన కార్డుతో దుబాయిలో దిర్హములు తీసినచో మరల మారకపు రుసుము పడవచ్చును. చేతినగదుగా విదేశీ నోట్లను, చాలా దేశములకు, ఒక యాత్రకు 3,000 డాలర్ల విలువవరకు కొనవచ్చును. నాణెము మార్చు ప్రతిసారి జీఎస్టీ కలదు, దాని కనీసము 45 రూపాయలు. 25,000 రూపాయలవరకు ఆ కనీసమే వర్తించును గనుక, చిన్న మొత్తములను పదేపదే మార్చినవారు దానిని పదేపదే చెల్లింతురు. తిరిగి వచ్చిన పిమ్మట 2,000 డాలర్లకు మించి మిగిలిన విదేశీ ద్రవ్యమును 180 దినములలో బ్యాంకునకుగాని, అనుమతిగల వ్యాపారికిగాని అప్పగింపవలెను.

చేయరాని పనులు

వట్టము తగ్గించుకొనుట వేరు, ధర్మము తప్పుట వేరు. సరిహద్దు ఊళ్లలో వీథిన నిలిచి ఎక్కువ ధర ఇచ్చెదమని పిలుచువారివద్ద మార్చుకొనరాదు. దొంగనోటు చేత పడినచో దానిని పోగొట్టుకొనుటయే కాక, దానిని చెల్లింపబూనిన దోషమును మనపై పడును. హవాలా మార్గము చట్టవిరుద్ధము. గల్ఫునుండి సొమ్ము పంపుకొను కుటుంబములు ఈ మాట మరువరాదు. రసీదు ఇచ్చువారివద్దనే మార్చుకొనవలెను.

రహస్యసంఖ్యను కార్డు కవరుపై వ్రాసికొనుట, మార్గదర్శకునకు కార్డు ఇచ్చి సొమ్ము తెమ్మనుట, ఈ రెండును పెద్దవారు తరచుగా చేయు పొరపాట్లు. కన్ను ఆననిచో స్వంత కుటుంబసభ్యుని తోడు తీసికొనవలెనే గాని, నిన్న పరిచయమైనవానిని కాదు.

బ్యాంకులు చేయు సేవకు న్యాయమైన రుసుము ఇచ్చుటలో తప్పు లేదు. పూర్వము సాహుకారుకును ఇచ్చితిమి. తెలియక పోవు ధనము మాత్రము దానమును కాదు, భోగమును కాదు. అది ఎవరికిని పుణ్యమీయదు. ఒక పర్యాయము బ్యాంకునకు పోయి, కార్డు విదేశమున పనిచేయునా, ఒక్కొక్క ఉపసంహరణకు రుసుమెంత, మారకపు శాతమెంత, దినమునకు పరిమితి ఎంత అని నాలుగు ప్రశ్నలు అడిగి కాగితముపై వ్రాసికొనుడు. ఆ కాగితమును యాత్రాసంచిలో పూజాద్రవ్యములతో పాటు ఉంచుకొనుడు. అట్లు మిగిలిన సొమ్మును క్షేత్రమున అన్నదానమునకో, తోడివచ్చిన బీదయాత్రికుని మందులకో వినియోగించినచో, అది స్వహస్తముతో, స్వద్రవ్యముతో చేసిన కర్మ అగును. వేములవాడ రాజరాజేశ్వరుని అనుగ్రహమున మీ యాత్రలన్నియు నిర్విఘ్నముగా సాగునుగాక.