గులాబి రిబ్బను – రోగుల అభ్యంతరము

అక్టోబరు మాసము వచ్చినదనగా అమెరికా సంయుక్త రాష్ట్రములలోని అంగళ్లు గులాబి రంగు దాల్చును. పెరుగు డబ్బాల మీద, పెదవుల రంగుల మీద, బూట్ల మీద, వంటింటి గిన్నెల మీద మడత పెట్టిన చిన్న రిబ్బను బొమ్మ కనబడును. అది రొమ్ము కాన్సరును ప్రజలకు జ్ఞాపకము చేయు చిహ్నము. ఈ ఆచారము ఇతర దేశములకును వ్యాపించినది. మన హైదరాబాదులో చార్మినారును సైతము అక్టోబరు మాసమున గులాబి దీపకాంతితో వెలిగించిన సంవత్సరములు కలవు.

ఇంతటి ప్రచారమును చూచి అందరికంటె ముందుగా సంతోషింపవలసినవారు ఆ వ్యాధిగ్రస్తులే గదా! కాని వారిలో పలువురు ఆ మాసము ఎప్పుడు గడచునా యని ఎదురు చూచుచున్నారు. తమ వ్యాధి అమ్మకపు సరకైనదని కొందరును, తమవంటి వారికి ఆ ప్రచారములో చోటే లేదని కొందరును ఆక్షేపించుచున్నారు. ఈ ఆక్షేపణ కృతఘ్నత వలన పుట్టినది కాదు. దానికి వ్యాధి స్వభావములోనే కారణములు కలవు.

రిబ్బను పుట్టుక

పూర్వము ఈ వ్యాధి పేరు నలుగురిలో పలుకుటకు స్త్రీలు సిగ్గుపడెడివారు. 1974వ సంవత్సరము సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుని భార్య బెట్టీ ఫోర్డ్ తనకు రొమ్ము తొలగించు శస్త్రచికిత్స జరిగినదని దాపరికము లేక తెలియజేయుటతో ఎందరో స్త్రీలు ధైర్యము తెచ్చుకొని వైద్య పరీక్షలకు వచ్చిరి. 1982లో నాన్సీ బ్రింకర్ అను ఆమె, ఈ వ్యాధితో 36 ఏండ్ల వయస్సున మరణించిన తన అక్క సూసన్ కోమెన్ పేర ఒక సంస్థను నెలకొల్పెను. 1985లో అక్టోబరు నెలను ఈ ప్రచారమునకు కేటాయించిరి. ఆ ఏర్పాటులో అమెరికన్ కాన్సర్ సొసైటీతో పాటు ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ కంపెనీ ఔషధ విభాగమును పాల్గొనెను. రొమ్ము కాన్సరుకు వాడు టామాక్సిఫెన్ అను మందును తయారు చేసినది ఆ కంపెనీయే.

రిబ్బను మొదట గులాబి రంగుది కాదు. 1990వ దశకపు తొలి సంవత్సరములలో కాలిఫోర్నియాకు చెందిన షార్లట్ హేలీ అను వృద్ధురాలు పీచ్ పండు రంగు రిబ్బనులను ఇంటివద్ద స్వయముగా తయారు చేసి, కార్డుకు ఐదేసి చొప్పున గుచ్చి పంచిపెట్టెను. జాతీయ కాన్సరు సంస్థ వార్షిక బడ్జెటు 180 కోట్ల డాలర్లనియు, అందులో వ్యాధి నివారణకు ఖర్చగుచున్నది 5 శాతమే యనియు, శాసనసభ్యులను మేల్కొలుపవలెననియు ఆ కార్డు మీద వ్రాయబడియుండెను. అనగా ఆ రిబ్బను ప్రభుత్వమును ప్రశ్నించుటకు పుట్టినది. 1992లో ‘సెల్ఫ్’ అను స్త్రీల పత్రికవారు, ఎస్టీ లాడర్ అను అలంకరణ సామగ్రి కంపెనీవారు ఆ రిబ్బనును తమకిమ్మని కోరగా, ఇది వ్యాపారమగునని హేలీ నిరాకరించెను. అప్పుడు న్యాయవాదుల సలహాపై రంగు మార్చిరి. పీచ్ రంగు పోయి గులాబి రంగు వచ్చినది. దానితో పాటు కార్డు మీది ప్రశ్నయు మాయమైనది.

ప్రాణము తీయునది ఏది?

రోగుల అభ్యంతరము అర్థము కావలెనన్న వ్యాధి నడకను కొంత తెలిసికొనవలెను. రొమ్ములో పాలను తయారు చేయు గ్రంథులును, ఆ పాలను చనుమొనకు చేర్చు సన్నని నాళములును ఉండును. ఈ నాళముల లోపలి పొరయందలి కణములు అదుపు తప్పి వృద్ధి చెందుటతో సాధారణముగా వ్యాధి మొదలగును. కణములు నాళపు గోడ దాటనంత కాలము అపాయము స్వల్పము. గోడను ఛేదించి చుట్టునున్న భాగములలోనికి చొచ్చుకొనిపోయిన పిమ్మట, అవి చంకలోని శోషరస గ్రంథులకు గాని, రక్తము ద్వారా దూరపు అవయవములకు గాని చేరవచ్చును. ఎముకలు, ఊపిరితిత్తులు, కాలేయము, మెదడు – ఇవి తరచుగా వాని రెండవ నివాసములు.

రొమ్ములోని గడ్డ ఎంత పెద్దదైనను సాధారణముగా దానివలననే ప్రాణము పోదు. ప్రాణము పోవునది ఇట్లు దూరపు అవయవములకు వ్యాపించిన కాన్సరు వలన. అమెరికాలో వ్యాధి రొమ్ములోనే ఉన్నప్పుడు కనుగొనబడినవారికి ఐదేండ్ల జీవన శాతము సుమారు 99. దూరపు అవయవములకు చేరిన పిదప కనుగొనబడినవారికి అది 30కి కొంచెము అటునిటు. దీనిని నాలుగవ దశ యందురు. మందులతో అదుపులో పెట్టి జీవితమును పొడిగింపవచ్చును గాని, ఈ దశను పూర్తిగా నయము చేయుట నేటికిని సాధారణముగా సాధ్యము కాలేదు.

లెక్కలోనికి రానివారు

‘త్వరగా కనుగొనుడు, ప్రాణము దక్కించుకొనుడు’ – గులాబి ప్రచారపు సారాంశమిది. ఇందులో సత్యము లేకపోలేదు. కాని ఇది సంపూర్ణ సత్యము కాదు. తొలి దశలోనే కనుగొని, శస్త్రచికిత్స, కిరణ చికిత్స, మందులు అన్నియు సక్రమముగా పొందిన వారిలో కొందరికి పదేండ్లకు, పదునైదేండ్లకు సైతము వ్యాధి ఎముకలలోనో కాలేయములోనో తిరిగి తల యెత్తును. అట్టి స్త్రీని చూచి, ‘మీరు పరీక్షలు చేయించుకొనలేదా?’ అని బంధువులు అడుగుదురు. ఆమె తప్పక చేయించుకొనియే యుండవచ్చును. ప్రచారము నేర్పిన సూత్రమును బట్టి తప్పు ఆమెదే యగుచున్నది!

2017వ సంవత్సరపు అంచనా ప్రకారము అమెరికాలో నాలుగవ దశ రొమ్ము కాన్సరుతో జీవించుచున్న స్త్రీలు 1,50,000 మందికి పైబడియుండిరి. వారిలో ప్రతి నలుగురిలో ముగ్గురికి వ్యాధి మొదట కనుగొనబడినది ముందు దశలలోనే. అంచనాతో సరిపెట్టుకొనవలసి వచ్చుటకు ఒక కారణము కలదు. అచటి జాతీయ కాన్సరు పట్టికలలో మొదట కనుగొన్ననాటి దశయు, మరణమును నమోదగును. మధ్యలో వ్యాధి తిరిగి వచ్చిన సంగతి క్రమముగా నమోదు కాలేదు.

పరిశోధన ధనము సంగతియు ఇట్టిదే. 2000 నుండి 2013 వరకు ఉత్తర అమెరికా, బ్రిటన్ దేశములలోని ముఖ్య ప్రభుత్వ, ధర్మ సంస్థలు రొమ్ము కాన్సరు పరిశోధనకు వెచ్చించిన ధనములో, వ్యాపించిన కాన్సరుకు చేరినది 7 శాతము మాత్రమేయని 2014లో ఒక పరిశీలన తేల్చినది. చంపునది వ్యాపించిన కాన్సరు. దానిపై ఖర్చు నూటికి ఏడు. రోగుల ఆగ్రహమునకు ఇంతకంటె వేరు వ్యాఖ్యానమేల? వారి ఒత్తిడి వలననే 2009లో అమెరికా శాసనసభలు అక్టోబరు 13వ తేదీని ప్రత్యేకముగా వారి దినముగా గుర్తించినవి. ముప్పదియొక్క దినముల ప్రచారములో వారికి దక్కినది ఒక్క దినము.

మూతల లెక్క

ఇక అమ్మకముల విషయము. యోప్లే అను పెరుగు కంపెనీ ఒక పద్ధతిని పెట్టినది. కొనుగోలుదారు గులాబి మూతను కడిగి, కవరులో పెట్టి తపాలాలో పంపినచో మూతకు 10 సెంట్లు విరాళమిచ్చెడిది. 2002 శరత్కాలమున అమెరికాలో ఉత్తరమునకు తపాలా బిళ్ల వెల 37 సెంట్లు. మూడు మూతలు పంపినచో విరాళము 30 సెంట్లు. బిళ్ల ఖర్చు అంతకంటె ఎక్కువ! పది డాలర్ల విరాళమునకు నూరు డబ్బాల పెరుగు తినవలెను. ఆ పది డాలర్లను నేరుగా పంపుట సులభము కాదా?

అదే సంవత్సరము అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ తన కార్డుతో జరుపు ప్రతి కొనుగోలుకు ఒక సెంటు ఇత్తునని ప్రకటించినది. వేయి డాలర్ల వస్తువు కొన్నను ఒక్క సెంటే. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున 1990లో ఏర్పడిన ‘బ్రెస్ట్ కాన్సర్ యాక్షన్’ అను రోగుల సంస్థ 2002లో, గులాబి వస్తువు కొనుటకు ముందు ఆలోచింపుడని ఉద్యమము లేవదీసినది. ఎంత ధనము పోవును, ఎవరికి పోవును, విరాళమునకు హద్దు కలదా, ఆ వస్తువు వలన వ్యాధి కలుగు అవకాశమున్నదా – ఈ ప్రశ్నలను ఆ సంస్థ కొనువారికి నేర్పినది.

చివరి ప్రశ్న ముఖ్యమైనది. మద్యపానము రొమ్ము కాన్సరుకు కారణములలో ఒకటియని వైజ్ఞానికముగా స్థిరపడినది. రోజుకొక గ్లాసు సేవించు స్త్రీలలో కూడ, తాగనివారికంటె అపాయము 7 నుండి 10 శాతము వరకు హెచ్చు. అయినను రిబ్బను గుర్తుతో మద్యము అమ్మబడినది. 2010లో కెంటకీ ఫ్రైడ్ చికెన్ దుకాణములు గులాబి రంగు బకెట్లలో వేపిన కోడి మాంసమును అమ్మి, బకెట్టుకు 50 సెంట్ల చొప్పున కోమెన్ సంస్థకు 40 లక్షల డాలర్లకు పైగా ఇచ్చినవి. 2014లో చమురు బావులు త్రవ్వు బేకర్ హ్యూజెస్ కంపెనీ వేయి డ్రిల్లు మొనలకు గులాబి రంగు వేయించినది. భూగర్భములో తిరుగు ఆ మొనలను చూచి ఏ స్త్రీ పరీక్షకు వెళ్లునో చెప్పుట కష్టము.

చిరునవ్వు మందా?

ధనము కంటె రోగులను ఎక్కువగా నొప్పించినది మరియొకటి కలదు. ప్రచార చిత్రములలో రోగి ఎల్లప్పుడు నవ్వుచుండును, పరుగెత్తుచుండును, ‘పోరాడి గెలిచితిని’ అనుచుండును. అట్లయిన మరణించినవారు పోరాడని వారా? జీవకణ శాస్త్రమున డాక్టరు పట్టము పొందిన రచయిత్రి బార్బరా ఎరెన్‌రైక్‌కు 2000లో ఈ వ్యాధి కనుగొనబడెను. మరుసటి సంవత్సరము ఆమె ‘హార్పర్స్’ పత్రికలో వ్రాసిన వ్యాసమున, పెద్ద వయస్సు స్త్రీలకు బొమ్మ ఎలుగుబంట్లను కానుకలిచ్చుటను, కోపమును నేరముగా చూచుటను తీవ్రముగా విమర్శించెను.

సంతోషముగా ఉన్నంత మాత్రమున ఆయువు పెరుగునా? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు సమాధానము వెదకిరి. 1989లో 86 మంది రోగులపై జరిగిన పరిశీలనలో, కూడి కూర్చుండి కష్టసుఖములు చెప్పుకొన్న స్త్రీలు హెచ్చు కాలము జీవించిరని తోచినది. 2001లో 235 మందితో జరిపిన పెద్ద పరీక్షలో ఆ ఫలితము నిలువలేదు. మనస్సుకు ఊరటయు, నొప్పికి ఉపశమనమును కలిగినవి గాని ఆయువు పెరుగలేదు. కావున దుఃఖపడు రోగి తన చావును తానే తెచ్చుకొనుచున్నదనుట శాస్త్రమును కాదు, న్యాయమును కాదు. ఓదార్పు విలువగలది. బలవంతపు నవ్వు మాత్రము మందు కాదు.

ప్రాణములు నిలిపినది

1975 నుండి 2019 వరకు అమెరికాలో రొమ్ము కాన్సరు మరణముల రేటు 58 శాతము తగ్గినదని 2024లో ప్రచురితమైన గణన చెప్పుచున్నది. ఆ తగ్గుదలలో సుమారు నాలుగవ వంతు ముందస్తు పరీక్షల వలన, మిగిలిన మూడు వంతులు చికిత్సల వలన కలిగినవి. వ్యాపించిన కాన్సరు చికిత్సకే అందులో 29 శాతము చెందును. హార్మోనులను అడ్డు టామాక్సిఫెన్, 1998లో వాడుకకు వచ్చిన ట్రాస్టుజుమాబ్ మొదలగునవి ఈ మార్పునకు తోడ్పడినవి. 1976లో ఇటలీ దేశమున మూడు మందులను కలిపి ఇచ్చి, శస్త్రచికిత్స తరువాత వ్యాధి తిరిగి వచ్చుటను తగ్గింపవచ్చునని చూపిరి. ఆ మూడింటిలో ఒకటి మెథోట్రెక్సేట్. మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లె ప్రయోగశాలలో సాగిన కృషి ఫలితమది. 1948లో మరణించిన ఆ మహనీయుని పేర ఏ రంగు రిబ్బనును లేదు.

మనకు వర్తించునది

దీనినిబట్టి ప్రచారమే వలదనుట పొరపాటు. మన దేశమున గడ్డను దాచిపెట్టి, ముదిరిన పిదప ఆసుపత్రికి వచ్చు స్త్రీలు నేటికిని అనేకులు. రొమ్ములో గాని చంకలో గాని నొప్పిలేని గడ్డ, చర్మము లోనికి లాగుకొనిపోవుట, చనుమొన నుండి రక్తము కారుట – ఇట్టివి కనబడినచో ఆలస్యము చేయక వైద్యుని చూడవలెనని ప్రతి గ్రామమునకు తెలియవలసియున్నది. పురుషులకును అరుదుగా ఈ వ్యాధి వచ్చునని తెలియవలెను.

అయితే తెలియజేసిన పిమ్మట ఏమి? పరీక్ష చేయు వైద్యుడు, చికిత్సకు ధనము, తిరిగి వచ్చిన వ్యాధిపై పరిశోధన – ఇవి లేని తెలివిడి సగము పనియే. విరాళమీయ దలచినవారు ఎవరికి, ఎంత, దేనికొరకు అని అడుగవచ్చును. 2012లో న్యూయార్కు రాష్ట్ర అటార్నీ జనరల్ సైతము, విరాళపు మొత్తమును వస్తువు మీదనే స్పష్టముగా తెలుపవలెనని కంపెనీలకు సూచించెను. షార్లట్ హేలీ తన కార్డు మీద వ్రాసినదియు ఇట్టి ప్రశ్నయే: ధనము ఎచటికి పోవుచున్నది? రోగులు నేడు మరల దానినే అడుగుచున్నారు.