కాపీ చేతికందితేనే అప్పీలు

బిలాస్‌పూర్ అనగానే రైల్వే కుటుంబాలకు ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం గుర్తొస్తుంది. 2000 నవంబరు 1 నుంచి అది ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్న ఊరు కూడా. బస్తర్‌లో ఎవరినైనా అక్రమంగా నిర్బంధించారని కుటుంబం భావిస్తే, హెబియస్ కార్పస్ పిటిషన్‌తో సాధారణంగా రావలసింది ఇక్కడికే. మన సరిహద్దును ఆనుకున్న కొంటా నుంచి ఆ దారి 400 కిలోమీటర్ల పైమాటే. అంత దూరం వచ్చాక పిటిషన్ కొట్టేస్తే?

చట్టంలో దారి మూసుకుపోలేదు. 136వ అధికరణ కింద సుప్రీంకోర్టు ప్రత్యేక అనుమతి కోరవచ్చు. అందుకు గడువు సాధారణంగా 90 రోజులు. ఖైదీ తన పిటిషన్‌ను జైలు అధికారి ద్వారానే పంపుకోవచ్చు. హైకోర్టు తిరస్కరించినా 32వ అధికరణ కింద నేరుగా తన ముందుకు రావచ్చని గులాం సర్వర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇది భద్రతకు చేటు అనేవారున్నారు. విశాఖపట్నం సెంట్రల్ జైల్లో ఉన్న నక్సల్బరీ నేత కానూ సన్యాల్ పిటిషన్‌ను 1970ల తొలినాళ్లలో సుప్రీంకోర్టు విచారించింది. చివరికి ఆయన నిర్బంధం చట్టబద్ధమేనని తేల్చింది. సాయుధ పోరాటం ప్రకటించిన వ్యక్తి వాదన విన్నందువల్ల రాజ్యం బలహీనపడలేదు; దాని మాటకు విలువ పెరిగింది.

అసలు చిక్కు జైలు కార్యాలయంలో ఉంది. 1973లో బొంబాయి హైకోర్టు ఇచ్చిన తీర్పుపై ఎం.హెచ్. హోస్కాట్ అనే ఖైదీ సుప్రీంకోర్టుకు చేరేసరికి నాలుగేళ్లు దాటింది. హైకోర్టు కాపీని ఎరవాడ జైలుకు పంపింది. తనకు అందలేదని ఖైదీ అన్నాడు. అందినట్టు అతని సంతకం రికార్డులో లేదు. ఆ కేసులోనే 1978లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ సూత్రం ఖరారు చేశారు: ఖైదీకి తీర్పు కాపీ ఉచితంగా, వెంటనే ఇవ్వాలి, రాతపూర్వక రసీదు తీసుకోవాలి, స్తోమత లేనివారికి ప్రభుత్వమే న్యాయవాదిని ఏర్పాటు చేయాలి.

అమెరికాలో టెనెసీ ఖైదీ ఒకరి హెబియస్ పిటిషన్‌ను కోర్టు తోసిపుచ్చింది. అప్పీలు నోటీసుకు 30 రోజుల గడువు. 27వ రోజున ఆయన నోటీసును జైలు అధికారులకు అందించాడు. కోర్టులో ముద్ర పడింది 31వ రోజున. జైలు అధికారుల చేతికిచ్చిన రోజే దాఖలు చేసినట్టని 1988లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. తపాలాపై అదుపు లేనివాడిని ఆలస్యానికి శిక్షించకూడదన్నది అందులోని ఇంగితం.

జాతీయ భద్రతా చట్టం కింద నిర్బంధం గరిష్ఠంగా 12 నెలలు. కాపీ రెండు నెలలు ఆలస్యమైతే అందులో ఆరో వంతు గడిచిపోయినట్టే. గడువు తీరి మనిషి విడుదలయ్యాక, ఇక తేల్చడానికేమీ లేదని కేసు మూసేసే అవకాశమూ ఉంది. అప్పుడు ఆ నిర్బంధం తప్పో ఒప్పో ఎవరికీ తెలియదు.

సైన్యంలో క్రమశిక్షణ కఠినమే. అయినా కస్టడీలో ఉన్న సైనికుడి కేసును కమాండింగ్ అధికారి 48 గంటల్లో విచారణకు చేపట్టాలని ఆర్మీ చట్టం చెబుతోంది. యుద్ధ విధుల్లో లేని సైనికుడిని కోర్టు మార్షల్ ఏర్పాటు కాకుండా 8 రోజులకు మించి ఉంచితే కారణాలతో ప్రత్యేక నివేదిక పంపాలి. ఆపై ప్రతి 8 రోజులకూ మరొకటి. గార్డ్ రూములో సాధ్యమైన లెక్క జైల్లో అసాధ్యమేమీ కాదు.

కావలసినవి మూడే. హెబియస్ పిటిషన్ కొట్టేసిన రోజే తీర్పు కాపీ ఆన్‌లైన్‌లో జైలుకు చేరాలి. ఖైదీకి అర్థమయ్యే భాషలో, అది గోండి కావచ్చు, తెలుగు కావచ్చు, సారాంశం చదివి వినిపించి, తేదీతో సంతకం లేదా వేలిముద్ర తీసుకోవాలి. అతను అప్పీలు కాగితం జైలరుకు ఇచ్చిన రోజునే దాఖలు తేదీగా లెక్కించాలి. వీటికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. ఒక రిజిస్టరు, దాన్ని నెలనెలా తనిఖీ చేసే జిల్లా జడ్జి చాలు.