ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్య

షోలాపూరులో అశోక్ చౌక్ పరిసరాల తెలుగువారికి మగ్గం చప్పుడు కొత్త కాదు. అటువంటి నేతపనివారి ఊరే చీరాల. వీధిలో దీపం వెలగాలన్నా, కొళాయిలో నీరు రావాలన్నా, మురుగు తొలగాలన్నా డబ్బు అవసరం. అందుకే ఊరి పాలన చూసే సంస్థ ఇంటి పన్ను, నీటి పన్ను వసూలు చేస్తుంది. అయితే ఆ పన్ను ప్రజలు మోయగలిగినంతే ఉండాలి. దానిని నిర్ణయించేటప్పుడు వారి మాటకు విలువ ఉండాలి. ఈ న్యాయం కోసం చీరాల ప్రజలు ఒకనాడు ఇల్లూ వాకిలీ విడిచిపెట్టారు. వారిని నడిపించినవారు ఒక అధ్యాపకుడు. ఆయనే దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయారు. స్కాట్లండులోని ఎడింబరోలో ఎం.ఏ. చదివారు. స్వదేశానికి తిరిగివచ్చి రాజమండ్రిలోను, మచిలీపట్నం జాతీయ కళాశాలలోను బోధించారు. తరువాత ఉద్యోగం వదలి చీరాల చేరారు.

అప్పుడు చీరాల, పేరాల గ్రామాలు గుంటూరు జిల్లాలో ఉండేవి. రెండింటిలో కలిపి సుమారు 15 వేల జనాభా. ఎక్కువమంది నేతపనివారు, చిన్న రైతులు. 1919లో ఆంగ్ల ప్రభుత్వం ఈ రెండు ఊళ్ళను కలిపి పురపాలక సంఘంగా మార్చింది. అంతకుముందు ఏడాదికి సుమారు 4 వేల రూపాయలుగా ఉన్న పన్ను ఎన్నో రెట్లు పెరిగింది. ప్రజలు ఎన్ని అర్జీలు పెట్టుకున్నా ఫలితం లేకపోయింది. పన్ను కట్టనందుకు కొందరు చెరసాలకు వెళ్ళారు.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చారు. శాంతియుతంగా పన్ను నిరాకరించడం ఒక మార్గమనీ, ఊరు విడిచి వెళ్ళడం మరొక మార్గమనీ చెప్పారు. ప్రజలు రెండవ దానిని ఎన్నుకున్నారు. పురపాలక సంఘం ఎల్ల దాటితే దాని పన్ను వారికి వర్తించదు కదా! దాదాపు 13 వేల మంది కదిలి, ఊరి వెలుపల పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగరు అని పేరు పెట్టుకున్నారు. గోపాలకృష్ణయ్య స్థాపించిన రామదండు అనే సేవాదళం వారికి అండగా నిలిచింది.

ఎండకూ వానకూ ఓర్చి వారు సుమారు 11 నెలలు అక్కడ గడిపారు. ఇంతలో ప్రభుత్వం గోపాలకృష్ణయ్యను నిర్బంధించి, ఏడాది శిక్ష విధించి తిరుచిరాపల్లి జైలుకు పంపింది. నాయకుడు దూరమయ్యాడు. చేతిలో డబ్బు కరిగిపోయింది. చివరకు ప్రజలు పాత ఇళ్ళకు మరలిరాక తప్పలేదు.

వారు కోరినది ఆనాడు నెరవేరలేదు. అయినా అన్ని నెలలూ వారు హింసకు దిగలేదు. సామాన్యులు ఒక్కమాట మీద ఎంతకాలం నిలబడగలరో దేశం చూసింది. గోపాలకృష్ణయ్య 1928 జూన్ 10న, 39 ఏళ్ళ వయసులో క్షయవ్యాధితో మరణించారు. తెలుగువారు ఆయనను ‘ఆంధ్రరత్న’ అని గౌరవంగా పిలుచుకుంటారు. తరగతి గదిని విడిచివచ్చిన ఆ అధ్యాపకుడు ఒక ఊరికంతటికీ పాఠం చెప్పారు.