తాత పుస్తకాన్ని టీలో ఎవరు ముంచారు?

అద్దంకిలో మా అక్క కూతురు ఏడో తరగతి చదువుతోంది. బడి వార్షికోత్సవానికి వాళ్లు చీరాల–పేరాల పోరాటం మీద చిన్న నాటకం వేస్తున్నారు. 1921లో మునిసిపాలిటీ పన్నులు మోయలేమంటూ జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఇళ్లు వదిలేసి, రామనగర్ అని పేరు పెట్టుకుని ఊరి బయట పాకల్లో కాపురం ఉన్న కథ అది. నాటకం మొదట్లో ఒక మనవరాలు ట్రంకుపెట్టె తెరిచి, ముత్తాత రామనగర్ నుంచి రాసిన ఉత్తరం బయటికి తీస్తుంది. అది నూరేళ్ల నాటిదిలా కనిపించాలి. నోటుబుక్కు కాగితాన్ని టీ నీళ్లలో ముంచితే చాలని ఎవరో చెప్పారట. ముంచబోతూ ఆగి నన్నడిగింది: "మావయ్యా, టీలో ముంచితే కాగితం పాతదెట్టా అవుద్ది? తాత భారతం పుస్తకాన్ని ఎవరూ టీలో ముంచలేదు గదా, మరి అదెందుకు అట్టా పచ్చబడింది?"

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ముందు తాత పుస్తకం సంగతి చూద్దాం. అది తెలిస్తే టీ సంగతి తేలిగ్గా తెలుస్తుంది.

పత్తి తీసిన చేతులకు కాగితం గురించి సగం తెలిసినట్టే. విచ్చిన కాయలోంచి పింజ లాగితే సన్నటి పోగులు వస్తాయి. ఆ పోగు దాదాపు అంతా సెల్యులోజ్ (మొక్కల ఒంటిని కట్టే పీచు పదార్థం). అలాంటి పోగుల్ని నీళ్లలో నానబెట్టి, నలగ్గొట్టి, జల్లెడ మీద పలచగా పరిచి ఆరబెడితే ఒకదాన్నొకటి పట్టుకుని కాగితమవుతాయి. మన కరెన్సీ నోట్ల కాగితం పత్తితో చేసిందే. కానీ పుస్తకాలకూ పేపర్లకూ పత్తి ఎక్కడ చాలుతుంది? ప్రకాశం జిల్లా రోడ్ల మీద సుబాబుల్, జామాయిల్ కర్రతో పోయే లారీలు చూస్తుంటాం. ఆ కర్ర వెళ్లేది కాగితం మిల్లులకే.

కర్రలోనూ సెల్యులోజ్ పోగులే ఉంటాయి. అయితే వాటిని గట్టిగా అతికిపెట్టి చెట్టును నిలువుగా నిలబెట్టే లిగ్నిన్ (కర్రకు గట్టితనమిచ్చే జిగురు లాంటి పదార్థం) కూడా ఉంటుంది. కర్ర బరువులో ఇంచుమించు నాలుగో వంతు అదే. నోటుబుక్కు కాగితం చేసేటప్పుడు రసాయనాలతో ఉడికించి లిగ్నిన్‌ను చాలావరకు తీసేస్తారు. ఒక్కరోజు చదివి పడేసే వార్తాపత్రిక కాగితానికి అంత ఖర్చు పెట్టరు. కర్రను నూరి, ఆ లిగ్నిన్‌తోనే కాగితం చేసేస్తారు.

ఎండా గాలీ తగిలితే లిగ్నిన్ మారిపోయి పసుపూ గోధుమా రంగు పదార్థాలవుతుంది. నమ్మకం కుదరకపోతే ఒక పాత రూపాయి బిళ్ల చాలు. పేపరు ముక్క మీద బిళ్ల పెట్టి నాలుగు రోజులు డాబా మీద ఎండనివ్వండి. బిళ్ల కింద తెల్లటి చంద్రుడు, చుట్టూ పసుపు. పక్కనే పెట్టిన నోటుబుక్కు కాగితంలో ఆ తేడా కనిపించీ కనిపించనట్టుంటుంది.

"మరి మిరపకాయలు ఎండలో రంగు పోతాయి గదా, కాగితానికి రంగెందుకు వస్తది?" అని అడిగింది కల్లాల మధ్య పెరిగిన పిల్ల. మంచి ప్రశ్న. ఎండ రంగు పూయదు, తుడవదు కూడా. ఎండా గాలీ కలిసి పదార్థాన్ని మారుస్తాయి, అంతే. కాయలోని ఎర్రరంగు పదార్థం విరిగితే కాయ వెలిసిపోయి తాలు కింద జమ. కాగితంలోని లిగ్నిన్ మారితే పసుపు పుడుతుంది. చల్లగా, చీకటిగా ఉంటే రెండు పనులూ నెమ్మదిస్తాయి. మన రైతు కాయను కోల్డ్ స్టోరేజీలో పెట్టేదీ, పెద్ద గ్రంథాలయాలు పాత కాగితాల్ని చల్లటి గదుల్లో దాచేదీ ఒకే నమ్మకంతో.

చీరాల పక్కన వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం అనే గ్రంథాలయం ఉంది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల్ని అంత ప్రేమగా దాచిన చోట్లు తెలుగునాట తక్కువ. అలాంటి చోట పాత సంపుటం తెరిచి చూస్తే అంచులు ముదురుగా, నడుమ లేతగా ఉంటుంది. మూసి ఉన్న పుస్తకంలో గాలీ వెలుతురూ ముందు తాకేది అంచుల్నే కాబట్టి.

రంగు ఒక్కటే అయితే బాధ లేదు. మడిచినచోట అప్పడంలా విరుగుతుందే, అది వేరే జబ్బు. ట్రాక్టరు బ్యాటరీ యాసిడ్ చుక్క నూలు పంచె మీద పడితే అప్పటికేమీ తెలియదు. నాలుగు రోజులు పోయి ఉతికేసరికి అక్కడ చిల్లు. పోగులోని సెల్యులోజ్ పొడవాటి గొలుసు. ఆమ్లం ఆ గొలుసు కొక్కేల్ని తెంపుతుంది. కాగితంలోనూ ఆమ్లం ఉంది, అదీ మనిషి చేర్చిందే. సిరా పాకకుండా ఉండాలని 1807లో జర్మనీలో మోరిట్జ్ ఇల్లిగ్ చెట్టుబంకనూ పటికనూ గుజ్జులో కలిపే పద్ధతి చెప్పాడు. అది చవక, సులువు. అందుకే లోకమంతా పాకింది. పటిక వల్ల పుట్టిన ఆమ్లం ఏళ్ల తరబడి కాగితాన్ని లోపల్నుంచి కొరుకుతూ పోయింది. తాత పుస్తకాన్ని పచ్చబరిచింది ఎండా గాలీ. పెళుసు చేసింది ఈ ఆమ్లం.

ఇక టీ. దానికి కాగితం వయసుతో పని లేదు. టీ ఆకులో టానిన్లు (నాలుకకు వగరు తగిలించే పదార్థాలు) ఉంటాయి. కడగని కప్పులో గోధుమ చార మిగిల్చేవి అవే. సెల్యులోజ్ పోగుల్ని అవి గట్టిగా పట్టుకుంటాయి. చొక్కా మీద ఒలికిన టీ మరక ఓ పట్టాన పోదుగా, ఇదీ అలాంటిదే. పోగు మీద గోధుమరంగు కూర్చుంది, పోగు మాత్రం కొత్తదే.

గ్లాసుడు నీళ్లలో రెండు చెంచాల టీపొడి మరిగించి, వడకట్టి, చల్లార్చాం. పాలు వేస్తే వాసన పట్టుకుంటుంది, పంచదార వేస్తే చీమలు. ఉత్తరం ముందే బాల్‌పెన్నుతో రాసింది, ఆ సిరా నీటికి కరగదు. కాగితాన్ని పళ్లెంలో పరిచి ఐదు నిమిషాలు నానబెట్టి, మెల్లగా ఎత్తి నీడన ఆరేశాం. తడికి పోగులు ఉబ్బి, పట్టు వదిలి, ఆరేటప్పుడు ఎక్కడివక్కడ మళ్లీ పట్టుకుంటాయి. ముడతలు అందుకే. అంచులు ముందు ఆరుతాయి. లోపలి తడి అటే లాక్కుపోతూ రంగును కూడా మోసుకుపోయి అక్కడ వదులుతుంది. బల్ల మీద ఒలికిన కాఫీ చుక్క అంచు ముదురుగా ఎండేదీ ఇలాగే. దీన్ని షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 1997లో విడమరిచి చెప్పారు. పాత పుస్తకం అంచుల్లాగే ఉత్తరం అంచులూ నల్లబడ్డాయి, కారణం మాత్రం పూర్తిగా వేరు.

అమ్మాయి ఇంకో ముచ్చట పడింది. పాత కాగితాలకు గుండుసూది తుప్పు మరక ఉంటుంది కదా అని, తుప్పుపట్టిన సూదిని తడి ఉత్తరానికి గుచ్చి రాత్రంతా ఉంచింది. తెల్లారి చూస్తే గోధుమ మరక బదులు నీలం కలిసిన నలుపు. పిల్ల ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం సంబరమే. టానిన్‌కు ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపితే నల్ల సిరా అయ్యేది ఇందుకే, అన్నభేదిలో ఉన్నది ఇనుమే. ఆ మచ్చను చెరపలేదు. "ముత్తాత కలం కక్కిన సిరా మరక అనుకుందాంలే" అంది.

ఇస్త్రీపెట్టెతో ముడతలు సరిచేసి, నాలుగు మడతలు పెట్టి, మడతల మీద టీలో తడిపిన దూది రుద్దాం. వేడి మాత్రం కాగితానికి కొంచెం నిజమైన వయసే తెస్తుంది. కాగితం ఎంతకాలం మన్నుతుందో చూడటానికి ప్రయోగశాలల్లో 105 డిగ్రీల వేడిలో 72 గంటలు ఉంచే పద్ధతి ఒకటుంది. అందుకే తాతల నాటి అసలు ఉత్తరాన్ని ఎప్పుడూ ఇస్త్రీ చేయకండి, తడపకండి. కొవ్వొత్తితో అంచులు కాల్చే పని పిల్లలకు అసలే వద్దు.

సాయంత్రం ఉత్తరం, తాత పుస్తకం రెండూ పట్టుకుని మేం దొంగనోట్లు చూసే దీపమున్న కొట్టుకు వెళ్లాం. ఆ అతినీలలోహిత కాంతి కింద మా ఉత్తరంలో టీ సరిగా పట్టని చోట్లు నీలంగా వెలిగాయి. తెలుపు మరింత తెల్లగా కనిపించాలని ఇప్పటి కాగితానికి కలిపే మందు పని అది. 1921లో అలాంటిది లేదు. కొట్టాయన అయిదొందల నోటు పక్కన పెట్టాడు. దాని కాగితం మసకగానే ఉంది. తర్వాత అమ్మాయి రెండు చేతులతో తాత భారతాన్ని తెరిచి దీపం కింద పెట్టింది. నీలం జాడే లేదు. "ఇది నిజంగానే పాతది మావయ్యా" అని, పేజీ విరగకుండా మెల్లగా మూసింది.