ఇద్దరి కోసం తినమన్నాం, పొరపాటు మాదే

మన షోలాపూర్‌లో ఆడపిల్ల నీళ్లు పోసుకుందంటే చాలు, "ఇద్దరి కోసం తినాలె బిడ్డా" అంటాం. మా ఇంట్లోనూ అదే అన్నాం.

పోయినేడు మా చిన్నబిడ్డకు మొదటి కాన్పు. అత్తగారిల్లు పక్క గల్లీలోనే. ఎత్తు అయిదడుగులు, మూడో నెలలో తూకం 72 కిలోలు. మా ఇంటామె రోజూ నెయ్యి బువ్వ, లడ్డూలు పంపేది. మొదట పోయిన దవాఖానలో తూకం వేసినామె నలుగురి ముందు "కాంటా విరుగుతది" అని నవ్విందట. పిల్ల ఏడ్చుకుంటూ వచ్చి, రెండు నెలలు మళ్లీ చూపించుకోలేదు. రాత్రి బువ్వ మానేసింది. పగలు ఆకలికి తీపి చాయ్, లడ్డూలు. మాకు చెప్పనే లేదు.

ఆరో నెలలో బతిమాలి ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకపోయిన. తూకం 78. గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటలకు రక్తం చూస్తే చక్కెర 152. 140 దాటితే గర్భంలో వచ్చే షుగర్ అన్నది.

ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది: "మామూలు తూకం ఉన్న గర్భిణి తొమ్మిది నెలల్లో 11.5 నుంచి 16 కిలోలు పెరగొచ్చు. బాగా లావున్నామెకు 5 నుంచి 9 చాలు. బిడ్డ, మాయ, ఉమ్మనీరు, పెరిగిన రక్తం, వీటి తూకం ఎవరికైనా ఉండేదే. కొవ్వు నిల్వ ఈమెకు ముందే ఉంది, కొత్తగా చేరే పని లేదు. అంతకు మించితే బీపీ, షుగర్, పెద్ద బిడ్డ, ఆపరేషన్ భయం ఎక్కువ."

నాకు మిల్లు గుర్తొచ్చింది. గంజి ఎక్కువ పట్టిస్తే బట్ట తూకం పెరుగుతది, నూలు పెరగదు. కాంటా మీద రెండూ ఒకటే.

"అట్లని పస్తు పెట్టొద్దు. గర్భంతో ఉండి సన్నబడాలని చూడొద్దు" అని కూడా గట్టిగా చెప్పింది.

ఆ రోజు నుంచి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు పెట్టినం. అన్నం సగం చేసినం. చక్కెర చాయ్, లడ్డూలు బంద్. డాక్టరమ్మ సరే అన్నాక సాయంత్రం అరగంట నడక. నేనే తోడు పోయిన. ఐరన్ గోలీలు తప్పనియ్యలేదు. చక్కెర అదుపులోకి వచ్చింది, మందు అవసరం పడలేదు. అందరికీ అట్లనే అవుతదని కాదు, కొందరికి ఇన్సులిన్ కావాలె. కాన్పు నాటికి తూకం 80. బిడ్డ 3 కిలోల 100 గ్రాములు, తల్లీబిడ్డా క్షేమం.

అక్కలారా, వదినెలారా, అయిదడుగుల మనిషి 70 కిలోలు దాటితే మొదటి నెలల్లోనే డాక్టరును అడగండి. ప్రతి నెల 9వ తారీకు సర్కారు దవాఖానల్లో గర్భిణులకు ఉచితంగా చూస్తరు. తూకం, బీపీ, చక్కెర మూడూ చూపించుకోండి. లావని పిల్లను ఎగతాళి చేయకండి. సిగ్గుపడి ఆమె కాంటా ఎక్కకపోతే నష్టపోయేది ఇద్దరు.