బాతుల చెరువుకు జమాఖర్చులు

చలికాలం మొదలైందంటే మన చెరువులకు చుట్టాలొస్తారు. సూదితోక బాతులు, గరిటమూతి బాతులు ఉత్తరాది చలి దేశాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి దక్షిణాదికి చేరతాయి. చెరువును కన్నడంలో కెరె అన్నా, తమిళంలో ఏరి అన్నా, ఒడియాలో పోఖరి అన్నా వాటికి కావాల్సింది ఒకటే: లోతు తక్కువ నీరు, అడుగున గింజలు, నత్తలు, పురుగులు. కానీ ఇప్పుడు చాలా చెరువుల్లో నీటి మీద పచ్చటి తెట్టు కట్టేస్తోంది. ‘ఇదంతా బాతుల రెట్ట వల్లే’ అని కొందరంటారు. ‘మందు చల్లితే పోతుంది’ అని మరికొందరంటారు. ఈ రెండు మాటల్లో నిజమెంతో చూద్దాం.

సగం పచ్చబడిన సరస్సు

నాచు పెరగాలంటే ఎండ, కర్బనం, నత్రజని, భాస్వరం కావాలి. వీటిలో అసలు తాళంచెవి ఏది? 1973లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో డేవిడ్ షిండ్లర్ బృందం దీన్ని తేల్చడానికి 226వ నంబరు సరస్సును ఎంచుకుంది. నడుము సన్నగా ఉన్న ఆ సరస్సుకు అడ్డంగా తెర కట్టి రెండు భాగాలు చేశారు. రెండు వైపులా కర్బనం, నత్రజని కలిపారు. ఒక్క వైపు మాత్రం వాటితోపాటు భాస్వరం కూడా వేశారు. కొన్ని వారాల్లోనే భాస్వరం వేసిన సగం పచ్చగా మారింది. రెండో సగం తేటగానే ఉంది. ఆకాశం నుంచి తీసిన ఆ ఫొటో ప్రపంచమంతా పేరు పొందింది.

అంటే చెరువుకు మనం రాయాల్సిన జమాఖర్చు భాస్వరానిదే.

జమ: ఎటు నుంచి వస్తోంది?

పొలాల్లో చల్లిన ఎరువు వానకు కొట్టుకొస్తుంది. ఇళ్ల మురుగు, కొన్ని రకాల సబ్బు పొడులు కలిపిన నీరు కాలువల్లో చేరుతుంది. పశువుల పేడ కలుస్తుంది. మరి బాతుల సంగతి? ఆ చెరువులోనే మేసి, అందులోనే రెట్ట వేసే బాతు కొత్తగా ఏమీ కలపదు. ఉన్నదాన్నే తిప్పుతుంది. బయట మేసి వచ్చే పక్షులు మాత్రం కొంత తెస్తాయి. మనం ముచ్చటపడి విసిరే బ్రెడ్డు ముక్కలు, మరమరాలు, అన్నం కూడా బయటి నుంచి వచ్చే జమే. తినగా మిగిలింది కుళ్లి నాచుకు ఎరువవుతుంది. అడవి బాతులకు మన తిండి అవసరం లేదు. దూరం నుంచి చూస్తే చాలు.

మందు ఎందుకు వద్దు?

మైలుతుత్తం చల్లితే నాచు చస్తుంది, నిజమే. కానీ చచ్చిన నాచు నీటిలోనే కుళ్లుతుంది. కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ హరించుకుపోయి చేపలు తేలిపోతాయి. రాగి విషం నత్తలను, నీటి పురుగులను చంపుతుంది. అవే బాతుల తిండి. ఆ రాగి బురదలో మిగిలిపోతుంది. భాస్వరమూ ఎక్కడికీ పోదు, మళ్లీ నాచుగా లేస్తుంది.

ఇంకో ప్రమాదం నీలి ఆకుపచ్చ నాచు. దీనిలో కొన్ని రకాలు విషం తయారు చేస్తాయి. మందు కొడితే ఆ విషం ఒక్కసారిగా నీటిలోకి వస్తుంది. ఆ నీరు తాగిన పశువులు, కుక్కలు, పక్షులు చనిపోవచ్చు. నీటిని మరిగించినా ఆ విషం పోదు. గుర్తు పట్టడానికి పొడవాటి కర్ర ముంచండి. దారాల్లా చుట్టుకుంటే మామూలు నాచు. పచ్చ రంగులో ముంచి తీసినట్టు కనిపిస్తే అనుమానించాలి. అప్పుడు నీటిని తాకకండి. పశువులను దించవద్దని పెద్దలకు చెప్పండి.

ఖర్చు: ఎలా బయటికి పంపాలి?

తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లా వేడంతాంగల్ రైతులకు ఈ లెక్క ఎప్పుడో తెలుసు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు తూముల ద్వారా వారి పొలాలకు పారుతుంది. చెరువులో ఉంటే నాచును పెంచే సత్తువ, పొలంలో వరిని పెంచుతుంది. అందుకే వాళ్లు 200 ఏళ్లకు పైగా ఆ పక్షులను వేటగాళ్ల నుంచి కాపాడుకుంటూ వచ్చారు.

దారపు నాచును దంతెలతో గట్టుకు లాగి, ఒక రాత్రి నీటి అంచునే ఉంచాలి. అందులోని పురుగులు, చేపపిల్లలు తిరిగి నీటిలోకి పోతాయి. మర్నాడు దాన్ని చెరువుకు దూరంగా కంపోస్టు గుంతలో వేయాలి. గట్టు మీదే వదిలేస్తే వానకు మళ్లీ చెరువులోకే వస్తుంది. ఎండాకాలం చెరువు ఎండినప్పుడు పూడిక తీసి పొలాలకు తోలడం మన పెద్దల పద్ధతే. అయితే అంచులను నిలువుగా తవ్వేయకూడదు. ఈ బాతులు తల ముంచి, తోక పైకెత్తి మేస్తాయి. లోతు అడుగు, అడుగున్నర దాటితే వాటికి తిండి అందదు.

నీరు వచ్చే కాలువ మొదట్లో జమ్ము, తుంగ పెరగనిస్తే అవి మురికిని, కొంత భాస్వరాన్ని ఆపుతాయి. బాతులకు చాటు కూడా దొరుకుతుంది. పని మాత్రం వలస బాతులు వెళ్లిపోయాకే చేయాలి.

మీ బడి చేయగల పని

1865లో ఇటలీ శాస్త్రవేత్త ఏంజెలో సెక్కీ ఒక పళ్లేన్ని తాడుతో సముద్రంలోకి దించి నీటి తేటదనం కొలిచాడు. మీరూ కొలవవచ్చు. పాత స్టీలు పళ్లేనికి తెల్ల రంగు వేసి, కింద రాయి కట్టి, సమానంగా దిగేలా మూడు చోట్ల తాడు కట్టండి. తాడుకు పది సెంటీమీటర్లకో ముడి వేయండి. వారానికోసారి, ఒకే వేళకు, ఉపాధ్యాయుల వెంట వెళ్లి మెట్ల మీద నుంచి దించండి. పళ్లెం కనిపించకుండా పోయిన లోతు రాసుకోండి. పక్కనే ఆ రోజు కనిపించిన బాతుల సంఖ్య, వాన పడిందా లేదా, ఏ కాలువలో మురుగు పారుతోందో రాయండి.

ఒక ఏడాది అలా రాస్తే తేటదనం ఎప్పుడు తగ్గిందో, ఏ కాలువ పారినప్పుడు తగ్గిందో పుస్తకమే చెబుతుంది. దాన్ని మీ పంచాయతీకి చూపించండి. ఏ కాలువను ముందు మళ్లించాలో వారికి అడగకుండానే తెలుస్తుంది.